డిండి, దాని పిల్లలు

నల్లగొండలో డిగ్రీ చదివిన రోజుల్లో నాకొక గుర్రాలశాల ఉండేది. అది ఇంటర్నెట్‌లో ఆడే ఆట. బొమ్మలు తక్కువ, అంకెలు ఎక్కువ. గుర్రాలను కొనాలి, కట్టించాలి, పుట్టిన పిల్లల్ని పెంచి పోటీలకు పంపాలి. ఆడేవాళ్ళలో ఎక్కువమంది అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా వాళ్ళు. వాళ్ళ గుర్రాల మధ్య డిండి, మూసీ, హాలియా, పానగల్ అని పేర్లు కనబడితే అవి నావి. మొదటి మూడూ మా వైపు పారే నీళ్ళు. నాలుగోది నల్లగొండకు ఆనుకునే ఉన్న ఊరు, ఛాయా సోమేశ్వరాలయం ఉన్న ఊరు. ఇంగ్లిష్ పేర్లు పెట్టాలని ఎప్పుడూ అనిపించలేదు. మూసీ అంటే ఏమిటని అడిగినవాళ్ళకు, అది మా జిల్లా మీదుగా వచ్చి వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుందని ఓపిగ్గా చెప్పేదాన్ని.

ఆ ఆట మూతపడి చాలా ఏళ్ళయింది. దాని గురించి రాయాలని ఎప్పటి నుంచో ఉంది. అందులోనూ నేను ఇష్టపడి పెంచిన నిలకడ లేని గుర్రాల గురించి రాయాలని.

ప్రతి గుర్రానికీ వేగం, దమ్ము, దూకే శక్తి, మాట వినే గుణం అని కొన్ని అంకెలు పైకి కనిపించేవి. కనిపించని అంకె ఒకటి ఉండేది, నిలకడ. అది బాగా ఉన్న గుర్రం రోజూ దాదాపు ఒకే మార్కులు తెస్తుంది. లేని గుర్రం ఒకరోజు అందరినీ దాటిపోతుంది, మర్నాడు చివరి వరుసలో తేలుతుంది. ఏ గుర్రానికి ఎంత నిలకడ ఉందో ఆట ఎక్కడా చెప్పదు. పోటీలకు పంపి, వచ్చిన మార్కులు రాసుకుంటూ పోతే మనకే అర్థం కావాలి. ఆటలో ఆరితేరినవాళ్ళు ఇట్లాంటి గుర్రాన్ని పసిగట్టగానే వేలంలో పెట్టేవాళ్ళు, వచ్చిన ధరకు వదిలించుకునేవాళ్ళు.

డిండి నాకు అట్లా దొరికింది. ఎర్ర గుర్రం, నుదుటి మీద సన్నటి తెల్ల చార. కెనడాలో ఉండే ఒకావిడ వేలంలో పెట్టి, కింద ఒక్క ముక్క రాసింది: దీన్ని నమ్ముకోవద్దు. నా దగ్గర అప్పుడు ఆట డబ్బులు పెద్దగా లేవు. పాత మార్కులు చూస్తే 82 ఒకసారి ఉంది, 55 ఒకసారి ఉంది. 82 తెచ్చిన గుర్రాన్ని అంత తక్కువకు ఎవరు ఇస్తారు అనుకుని కొనేశాను. మా అమ్మమ్మ ఊరు డిండి ప్రాజెక్టుకు దగ్గర. చిన్నప్పుడు ఎండాకాలం సెలవులకు పోతే, మామయ్య మమ్మల్ని కట్ట మీదికి తీసుకుపోయేవాడు. కొన్నేళ్ళు నీళ్ళు నిండుగా ఉండేవి, కొన్నేళ్ళు అడుగున బురద కనబడేది. ఆ పేరే పెట్టాను.

పోటీల ఫలితాలు అమెరికా తూర్పు తీరంలో అర్ధరాత్రి కాగానే వచ్చేవి. అంటే మనకు ఉదయం తొమ్మిదిన్నర. నవంబరులో వాళ్ళు గడియారాలు గంట వెనక్కి తిప్పుకుంటే పదిన్నర. కాలేజీకి పోయే దారిలో గడియారం సెంటర్ దగ్గర ఒక నెట్ సెంటర్ ఉండేది, మొదట్లో అక్కడే చూసేదాన్ని. ఎండాకాలం తొమ్మిదిన్నరకు చూసి, పది గంటల క్లాసుకు ఉరుకులు. చలికాలం ఆ వీలు లేదు, క్లాసు అయ్యేదాకా టెన్షన్. ఇంట్లోకి బీఎస్ఎన్ఎల్ బ్రాడ్‌బ్యాండ్ వచ్చాక కొంత సుఖపడ్డాను గానీ, అప్పటికి కరెంటు కోతలు. ఏ వేళకు పోతుందో పేపర్లో వేసేవాళ్ళు, ఆ వేళకే పోతుందన్న నమ్మకం లేదు. ఎంట్రీలు ముందురోజు రాత్రే వేసి పెట్టేదాన్ని.

కొన్న కొత్తలో డిండి, నలభైకి పైగా గుర్రాలున్న దూకుడు పోటీలో, అంటే అడ్డుకర్రల మీంచి దూకే పోటీలో, మొదట వచ్చింది. తెల్లారి అదే పోటీలో చివరి నుంచి రెండోది. నాకు ఇంత సంబరం ఎప్పుడూ కలగలేదు. రెండు ఫలితాలూ చూసే సంబరపడ్డాను. ఈ రెండూ ఒకే గుర్రం ఎట్లా చేసిందో తెలుసుకోవాలనిపించింది. లాంగ్ నోట్‌బుక్కు కొని గీతలు కొట్టి, తేదీ, పోటీ పేరు, ఎన్ని గుర్రాలు, ఎన్ని మార్కులు, ఎన్నో స్థానం, అన్నీ రాయడం మొదలుపెట్టాను. రాస్తుంటే అమ్మ వచ్చి చూసేది. అమ్మది పాడి ఇల్లు, బర్రెల మధ్య పెరిగిన మనిషి. నేను చెప్పిందంతా విని, "ఒక పూట నాలుగు లీటర్లిచ్చి ఇంకో పూట తన్నే బర్రెను ఎవలన్న ఉంచుకుంటరా? అంగడికి తోలుతరు" అంది. పాల సంగతిలో అమ్మ మాట నూటికి నూరుపాళ్ళు నిజం. రోజూ పాలు పోయాలి, రోజూ లెక్క తేలాలి. పోటీల లెక్క మాత్రం వేరే అని నాకు నోట్‌బుక్కు చెప్పింది.

ఎట్లాగంటే, రెండు గుర్రాలు ఉన్నాయనుకోండి. రెండిటి సగటూ 68. ఒకటి ఎప్పుడు పోయినా 66కూ 70కీ మధ్యలోనే తెస్తుంది. రెండోది డిండి. నలభై గుర్రాల పోటీలో గెలవాలంటే 75 దాటాలి. మొదటి గుర్రం ఆ గీతను ఎన్నటికీ తాకదు. ఏడో, పదో స్థానంలో మర్యాదగా నిలబడుతుంది, కాసిని పాయింట్లు వస్తాయి. డిండి చాలాసార్లు ముప్పయ్యో స్థానంలో ఉంటుంది, అప్పుడప్పుడు ఆ గీత దాటి అవతల పడుతుంది. బిరుదులు ఇచ్చేది మొదటి స్థానానికే. అందుకని పెద్ద పోటీలకు, మొదటి స్థానానికే విలువున్న పోటీలకు నిలకడ లేని గుర్రాన్ని పంపాలి. ఐదారు గుర్రాలే ఉండి అందరికీ ఎంతో కొంత దక్కే చిన్న పోటీలకు నిలకడ ఉన్నదాన్ని పంపాలి. ఇది తెలిశాక, పక్కవాళ్ళు వేలంలో వదిలేస్తున్న గుర్రాలను చూస్తే నాకు ప్రాణం కొట్టుకునేది.

ఇంకొకటి కూడా నోట్‌బుక్కులోనే తేలింది. ఈవెంటింగ్ అని ఒక పోటీ ఉంది. నిజంగానూ ఉంది, ఒలింపిక్స్‌లో కూడా చూడొచ్చు. డ్రెస్సాజ్ అంటే అడుగులు, నడకల ఒద్దిక చూపించడం. తర్వాత క్రాస్ కంట్రీ, మైదానాల్లో వాగులూ కట్టెలూ దాటుతూ పరుగు. ఆఖరికి కర్రలు పడకుండా దూకడం. మా ఆట ఈ మూడింటి సగటు తీసేది. మూడు తీసి సగటు వేస్తే ఎగుడుదిగుళ్ళు ఒకదాన్నొకటి సరిచేసుకుంటాయి. డిండి మార్కులు సగటుకు అటూ ఇటూ 9 ఊగుతాయనుకుంటే, మూడింటి సగటులో ఆ ఊపు 5 చిల్లరకు తగ్గుతుంది. దాని బలమే ఆ ఊపు, దాన్ని తీసుకుపోయి ఈవెంటింగ్‌లో పెడితే మామూలు గుర్రం అయిపోతుంది. కెనడా ఆవిడ ఎక్కువగా ఈవెంటింగ్‌కే పంపింది. డిండి ఆమె దగ్గర ఎందుకు వెలగలేదో అప్పుడు తెలిసింది. ఆ తర్వాత నేను దూకుడు పోటీలు తప్ప దేనికీ పంపలేదు.

కట్టించే దగ్గర అసలు పరీక్ష మొదలైంది. అందరి సలహా ఒక్కటే, మంచి నిలకడ ఉన్న మగగుర్రంతో కట్టించు, పిల్లల్లో ఆ లోపం సగానికి తగ్గుతుంది అని. నేను ఆ దారి పట్టలేదు. సగటు పెరగాలి, ఊపు మాత్రం పోకూడదు. 68 దగ్గర ఊగేదాన్ని 73 దగ్గర ఊగేట్టు చేస్తే, ఆ వంశం పెద్ద పోటీల్లో తిరుగులేనిది అవుతుంది. దానికి సగటు ఎక్కువ, నిలకడ తక్కువ ఉన్న మగగుర్రాలు కావాలి. వాటిని గుర్తుపట్టడమే కష్టం.

ఎందుకంటే ఊగే గుర్రం అసలు సగటు ఎంతో తెలియాలంటే చాలా పోటీలు చూడాలి. అటూ ఇటూ 9 ఊగే గుర్రాన్ని తొమ్మిది పోటీల్లో చూస్తే, మనం వేసిన సగటులో ఇంకా 3 మార్కుల అటూ ఇటూ ఉంటుంది. దాన్ని సగానికి తగ్గించాలంటే పద్దెనిమిది పోటీలు చాలవు, 36 కావాలి. ఆటలో రోజుకొక పోటీ, వారం గడిస్తే గుర్రానికి ఏడాది. అంటే ఐదు వారాలు, గుర్రం లెక్కన ఐదేళ్ళు. మూడేళ్ళ వయసులో పోటీలు మొదలుపెట్టిన గుర్రం, నాకు నమ్మకం కుదిరేసరికి ఎనిమిదేళ్ళది అవుతుంది. అప్పటిదాకా ఆగితే పిల్లల్ని కనే ఈతలు పోతాయి. ఆగకపోతే, అదృష్టం కలిసొచ్చి నాలుగుసార్లు మెరిసిన నాసిరకం గుర్రాన్ని కట్టించే ప్రమాదం. ఈ చిక్కు నన్ను నెలల తరబడి నిద్రపోనివ్వలేదు. ఇప్పటికీ ఆ ఆటలో నాకు అన్నిటికంటే ఇష్టమైన సంగతి ఇదే.

దారి మా జెనెటిక్స్ పాఠాల పక్కనుంచే దొరికింది. ఆంబోతు పాలివ్వదు కదా, మరి మంచి పాడి ఆంబోతును ఎట్లా ఎంచుతారు? దాని కూతుళ్ళ పాలు చూసి. అమెరికాలో కార్నెల్ యూనివర్సిటీలో పనిచేసిన చార్లెస్ హెండర్సన్ ఈ లెక్కలను 1950 ప్రాంతం నుంచి అభివృద్ధి చేశాడు. ఒక పశువు విలువ కట్టేటప్పుడు దాని సొంత రికార్డే కాకుండా తల్లి, తండ్రి, అక్కచెల్లెళ్ళు, పిల్లలు, అందరి రికార్డులూ కలిపి ఎవరికి ఎంత బరువివ్వాలో చెప్పే పద్ధతి అది. పేరు బ్లప్. దాని పూర్తి గణితం నాకు అందలేదు, సారం మాత్రం అందింది. డిండిని ఒక్కదాన్నే ఐదు వారాలు చూస్తూ కూర్చోవలసిన పనిలేదు. దాని పిల్లలను, దాని తోబుట్టువులను కలిపి చూస్తే, ఒక్కొక్కదాని అదృష్టం దురదృష్టం పక్కకుపోయి వంశం సత్తా పైకి తేలుతుంది. నోట్‌బుక్కులో ఒక్కో గుర్రానికి ఒక పేజీ అన్న పద్ధతి మానేసి, ఒక్కో తల్లికి ఒక పేజీ పెట్టాను. పేజీ నడుమ తల్లి, చుట్టూ పిల్లలు.

బాగా ఎక్కువ మార్కులు తెచ్చిన తల్లిదండ్రులంత పిల్లల సగటు ఉండదన్న సంగతి కూడా అక్కడే కళ్ళారా చూశాను. ఇంగ్లండ్‌లో ఫ్రాన్సిస్ గాల్టన్ 1886లో మనుషుల ఎత్తుల గురించి రాసింది మాకు పాఠంలో వచ్చింది. బాగా పొడుగు తల్లిదండ్రులకు పుట్టినవాళ్ళు పొడుగ్గానే ఉంటారు గానీ అంత పొడుగు ఉండరు, జనం సగటు వైపు కొంత జరుగుతారు. క్లాసులో అది నాకు పరీక్షకు వచ్చే ప్రశ్న. ఇంటికొచ్చి నా గుర్రప్పిల్లల మార్కులు చూస్తే అదే కళ్ళముందు నడుస్తోంది. 82 చూసి ఆశపడి కట్టించినవాళ్ళకు 70 దగ్గర ఊగే పిల్ల పుడితే ఆట మోసం చేసిందని తిట్టేవాళ్ళు. మోసం ఏమీ లేదు, ఆ 82లో కొంత గుర్రం సొంతం, కొంత ఆ రోజుది.

రంగుల మీద నాకు పిచ్చి లేదుగానీ, పానగల్ పుట్టినప్పుడు మాత్రం ముచ్చటపడ్డాను. తల్లి డిండి ఎరుపు, తండ్రి గోధుమ ఒళ్ళు, నల్ల జూలు. పిల్ల తండ్రి రంగులో వచ్చింది. రెండూ ఎర్రవైతే పిల్లలన్నీ ఎర్రగానే పుడతాయి, ఆ జన్యువు అట్లాంటిది. తర్వాతి ఈతకు మీగడ రంగు మగగుర్రంతో కట్టించాను. అడుగున ఎరుపే ఉండి, మీగడ రంగు జన్యువు రెండు వైపులా ఉన్న గుర్రం అది. ఎర్ర తల్లికి దానివల్ల పుట్టే ప్రతి పిల్లా బంగారు రంగు ఒళ్ళు, తెల్ల జూలుతోనే పుడుతుంది. ఇందులో అదృష్టం లేదు, లెక్క ఖాయం. అట్లా పుట్టిందే మూసీ.

మా వీధి చివర పెళ్ళిళ్ళకు గుర్రం కిరాయికి ఇచ్చే చాచా ఉండేవాడు. ఆయనది తెల్ల గుర్రం, నుక్రా అనేవాడు. పొద్దున్నే దాన్ని మాలిష్ చేసేటప్పుడు కాసేపు నిలబడి మాట్లాడేదాన్ని. మూసీ రంగు చెబితే విని తలూపాడు, పానగల్‌ను కుమ్మైత్ అన్నాడు, డిండిని సురంగ్ అన్నాడు. బరాత్‌లో బ్యాండు, పటాకులు, చుట్టూ డాన్సులు చేసే కుర్రాళ్ళు, ఇంత గోలలో పెళ్ళికొడుకును మీద పెట్టుకుని నెమ్మదిగా నడవాలి కాబట్టి ఆయనకు నిలకడ ఉన్న గుర్రమే బతుకుతెరువు. నా గుర్రాల సంగతి చెబితే నవ్వుతాడేమో అనుకున్నాను. ఆయన నవ్వలేదు. "దిల్ లేని రోజు కొట్టినా కదలది బిడ్డా. దిల్ ఉన్న రోజు నువ్వు ఆపలేవు. అసొంటి గుర్రాన్ని తిట్టొద్దు, దాని రోజు కోసం తయారుగ ఉండాలె" అన్నాడు. మా నోట్‌బుక్కు లెక్కలు ఆయనకు తెలియవు, అయినా నేను చేస్తున్న పని సరిగ్గా అదే.

2011 సెప్టెంబరులో సకల జనుల సమ్మె మొదలైంది. నలభై రెండు రోజులు నడిచింది. కాలేజీలు లేవు, బస్సులు లేవు. నాయిన ఉద్యోగానికి పోకుండా దీక్షా శిబిరంలో కూర్చునేవాడు, సాయంత్రం అందరం పోయేవాళ్ళం. సింగరేణి కార్మికులు కూడా సమ్మెలో ఉన్నారు, బొగ్గు లేక కరెంటు ఇంకా పోయింది. ఆ రోజుల్లోనే మా ఆటలో ఏడాదికొకసారి వచ్చే పెద్ద దూకుడు పోటీ పడింది. మూసీకి అప్పటికి ఆరేళ్ళు. అర్హత పాయింట్లు అటూ ఇటూగా సరిపోయాయి, ఎందుకంటే చిన్నచిన్న స్థానాలు దాని ఖాతాలో లేవు, నాలుగైదు గెలుపులే ఉన్నాయి. పానగల్‌కు కూడా అర్హత వచ్చింది. ఎంట్రీలు వేద్దామంటే కరెంటు లేదు. తమ్ముడి ఫోన్‌లో కొంచెం ఛార్జింగు మిగిలి ఉంది. జీపీఆర్‌ఎస్‌లో ఒక్కో పేజీ తెరుచుకునేదాకా ఇద్దరం డాబా మీద నిలబడి, సిగ్నల్ ఉన్న మూల వెతుక్కుని ఎంట్రీలు వేశాం.

తెల్లారి వాడు నన్ను లేపకుండానే పైకి పోయి కూర్చున్నాడు. తొమ్మిదిన్నర దాటాక పైనుంచే కేక. "అక్కా, మూసీ ఫస్టు! నూరు మీద గుర్రాల్ల ఫస్టు!" అమ్మ వంటింట్లోంచి ఏమైందని బయటికొచ్చింది. నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. పానగల్ ఎన్నో స్థానమని అడిగితే వాడు చాలాసేపు కిందికి జరుపుతూనే ఉన్నాడు, ఎక్కడో చివరి పేజీలో ఉంది. నాకు దానిమీద ఏ కోపమూ రాలేదు. అన్నాచెల్లెళ్ళు, ఒకే తల్లి బిడ్డలు, ఇద్దరిదీ అదే ఊపు. ఆ రోజు చెల్లెలిది. ఆట ఇచ్చిన రిపోర్టులో మూసీ రెండు రౌండ్లలోనూ ఒక్క కర్ర కూడా పడగొట్టలేదని రాసి ఉంది. నిజం పోటీల్లో కర్ర పడితే నాలుగు తప్పులు వేస్తారు. సున్నా తప్పులంటే ఏమిటో అమ్మకు విడమరిచి చెప్పాను. అమ్మ అంతా విని, "దాని తల్లిని అమ్మకుంటే మంచిగయ్యింది" అంది. అంగడికి తోలాలన్న మనిషి ఆ మాట అనడం నాకు ఆ బిరుదుకంటే ఎక్కువ.

కెనడా ఆవిడ కూడా మెసేజ్ పెట్టింది. డిండి బాగుందా అని అడిగింది. డిండికి అప్పటికి వయసు మళ్ళింది, పోటీలు మానేసింది. తర్వాత కొన్ని వారాలకు ఆటలో దాని ఆయువు తీరింది. గుర్రం పోతే ఆట ఒక చిన్న చీటీ పంపేది, పేరు, వయసు, పిల్లల సంఖ్య. నేను ఆమెకు ఆ చీటీలోని సంగతి పంపితే, డిండి తల్లి గురించి తనకు గుర్తున్నదంతా రాసి పంపింది. ఆ తల్లి కూడా ఊగే గుర్రమేనట. అప్పటిదాకా డిండి దగ్గరే మొదలైందనుకున్న వంశం ఒక తరం వెనక్కి పోయింది. ఆ ఉత్తరాన్ని ప్రింటు తీయించి నోట్‌బుక్కులో అతికించాను.

తెలంగాణ వచ్చాక నాకు టీచరు ఉద్యోగం వచ్చింది, నకిరేకల్ దగ్గర. ఆట చూసే తీరిక తగ్గింది. ఒకరోజు ఆట నడిపేవాళ్ళు ఇక ఖర్చు భరించలేమని, ఫలానా తేదీకి మూసేస్తున్నామని రాశారు. ఉన్న కాస్త వ్యవధిలో రాత్రుళ్ళు కూర్చుని వంశాలన్నీ కాగితం మీదికి ఎక్కించాను. ఒక్కో గుర్రం పేజీ తెరిచి, మార్కులు, పిల్లలు, పిల్లల పిల్లలు. తమ్ముడు చదివితే నేను రాశాను. అందరివీ రాయలేకపోయాం. నా దగ్గరున్న డిండి వైపువి మాత్రం ఒక్కటి కూడా పోనియ్యలేదు.

పదో తరగతి బయాలజీలో అనువంశికత పాఠం వచ్చినప్పుడు బఠానీ మొక్కలు అయ్యాక బోర్డు మీద ఎర్ర గుర్రాన్నీ మీగడ రంగు గుర్రాన్నీ వేస్తాను. పిల్లలన్నీ బంగారు రంగే అని పిల్లలు వాళ్ళంతట వాళ్ళే గడులు గీసి తేల్చినప్పుడు క్లాసంతా గోల. మూసీ పేరు కూడా చెబుతాను. పోయినసారి ఒకమ్మాయి, "మరి అది రోజూ ఎందుకు గెలవలే టీచర్?" అని అడిగింది. ఆ పీరియడ్ అంతా దానికే సరిపోయింది.

మూసీ ఆఖరి ఈతలో పుట్టిన ఆడపిల్లను, ఆట ముగియడానికి చాలా ముందే ఆస్ట్రేలియాలో ఉండే ఒకామెకు ఇచ్చాను. పేరు హాలియా. అది ఎన్ని పోటీలు ఆడిందో, దానికి పిల్లలు ఎవరో నా నోట్‌బుక్కులో లేదు. ఆ పేజీలో పేరు కింద ఖాళీ వదిలి ఉంచాను. అప్పట్లో ఆ ఆట ఆడిన తెలుగువాళ్ళు ఇంకా ఎవరైనా ఉంటే, హాలియా మార్కులు మీ కాగితాల్లో ఎక్కడన్నా ఉంటే, నాకు పంపండి. మీ గుర్రాల్లో ఎవరి తల్లి వైపైనా డిండి ఉందేమో చూసుకోండి, ఉంటే ఆ వంశం వివరాలన్నీ నా దగ్గర ఉన్నాయి, రాసి పంపుతాను.